గొడుగుల గుడ్డ

ఆ ఏడాది వానలూ, గొడుగుల గుడ్డా ఒకే రోజు మా షాపులోకి వచ్చాయి. వాన రేకుల సందులోంచి వచ్చింది, గుడ్డ ఎదురుగా ఉన్న ఆస్పత్రి నుంచి వచ్చింది. తానులకి తానులు. బూడిద రంగు మీద అరచెయ్యంతేసి తెల్ల గొడుగులు. ఎవరో మిల్లు వాళ్ళు దానం ఇచ్చారట. అమ్ముడుపోని సరుకుంటేనే దానగుణం పుట్టుకొస్తుంది కదా, గుడ్డ చూస్తేనే సంగతి తెలిసిపోయింది.

మాది అక్కాచెల్లెళ్ళ కుట్టు షాపు. అక్క కత్తిరిస్తుంది, నేను కుడతాను. కింద షాపు, పైన రెండు గదులు, అంతే మా సామ్రాజ్యం. అక్కకి ఎడమ చెవి వినపడదు. ఎప్పుడో పెద్ద జ్వరంలో పోయిందంటుంది. నాకు రెండు చెవులూ అవసరానికి మించి వినపడతాయి. ఎలుక కదిలితే దొంగ అనుకునే రకం నేను. "నీ భయాలన్నీ కలిపి కుడితే ఊరందరికీ దుప్పట్లు వస్తాయే" అని అక్క వెక్కిరించేది.

గుడ్డ వెనకాలే తడుస్తూ వచ్చింది ఆస్పత్రి నర్సు. ఈ వీధిలో అందరూ ఆమెని సిస్టరమ్మ అంటారు. ఆస్పత్రిలో మెట్ల పక్కన ఆమె చూసుకునే గది ఒకటుంది. ఇంట్లోనో బయటో మగవాళ్ళ చేతుల్లో దెబ్బలు తిన్నవాళ్ళూ, బలవంతాలకి గురైనవాళ్ళూ, ఆడవాళ్ళూ ఆడపిల్లలూ అక్కడికి వస్తారు. తలుపు మీద బోర్డు ఉండదు. పక్కనే పళ్ళ డాక్టరు గది కాబట్టి చూసేవాళ్ళు పంటి నొప్పి అనుకుంటారు.

"వాళ్ళ ఒంటి మీది బట్టలు సాక్ష్యం కోసం సీలు వేసి దాచాల్సి వస్తుందమ్మా," అంది సిస్టరమ్మ, ముక్కు మీది నీళ్ళు తుడుచుకుంటూ. "ఇంటికేమో ఆస్పత్రి గౌనులో పంపుతున్నాం. ఆ గౌను రోడ్డు మీద చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. పాపం, తల దించుకుని పోతుంటే చూడలేకపోతున్నాను. మామూలు డ్రెస్సులు కుట్టి ఉంచండి. లావు సన్నం అందరికీ పట్టేలా, నడుము దగ్గర తాడు పెట్టి."

గుండీల దగ్గర కూడా బేరమాడే మా అక్క ఆ రోజు ధర అడగలేదు. తాను విప్పి బల్ల మీద పరిచేసింది. సిస్టరమ్మ వెళ్ళాక నేను గొణిగాను.

"ఆ గది వ్యవహారం మనకెందుకక్కా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల. నలుగురూ నాలుగు మాటలంటారు."

"అననీ. నేను ఎడమ చెవితో వింటాలే," అంది అక్క కత్తెర ఆడిస్తూ.

అలా కుట్టడం మొదలుపెట్టాం. వాన తెరిపి ఇచ్చినప్పుడల్లా ఒక మూట ఆస్పత్రి గేటు దాటి వెళ్ళేది. ఆ డ్రెస్సు వేసుకుని ఒకరిద్దరు బయటికి రావడం కుట్టు మిషను దగ్గర్నుంచి చూశాను కూడా. తల ఎత్తుకునే నడిచారు. ఫరవాలేదు, మనం కూడా ఒక మంచి పని చేస్తున్నాం అనుకున్నాను. నిజం చెప్పాలంటే కాస్త గర్వపడ్డాను.

*

స్టూడియో పిల్ల మా షాపుకి వచ్చేసరికి వానలు బాగా ముదిరాయి. బజారు చివర ఫోటో స్టూడియోలో పనిచేస్తుంది, పాస్‌పోర్టు ఫోటో తీసేటప్పుడు 'గడ్డం కొంచెం పైకి ఆంటీ' అంటుంది, అంతవరకే నాకు తెలుసు. ఇరవై దాటి ఉంటాయి. ఆ రోజు నల్లటి కవరు ఒకటి గుండెలకి హత్తుకుని వచ్చింది. ముందు రోడ్డు వైపు చూసింది, తర్వాత కవరు బల్ల మీద పెట్టింది. అందులో గొడుగుల డ్రెస్సు.

"దీన్ని ఇంకేదైనా చేసివ్వండి ఆంటీ. రంగు వేయించండి, లేకపోతే లోపల లైనింగుకి వాడండి. ఏదైనా సరే."

"ఎందుకమ్మా, పట్టలేదా?" అన్నాను. బుద్ధి తక్కువ ప్రశ్న. నోరు జారాక తెలిసింది.

ఆ పిల్ల కవరు నా వైపు తోసింది. "ఆ రోజు ఇది వేసుకుని బస్‌స్టాపులో నిలబడ్డాను. ఒకావిడ వచ్చి నా చెయ్యి పట్టుకుని, 'ఎవడమ్మా ఆ పాపిష్ఠివాడు' అంది. నేనేమీ చెప్పలేదు ఆంటీ. గుడ్డ చెప్పేసింది."

మా షాపు చూరు కింద బండి పెట్టుకుని ఇస్త్రీ చేసే బాబాయి ఒకాయన ఉన్నాడు. మంచివాడే గానీ నోట్లో నువ్వుగింజ నానదు. మొన్నెప్పుడో ఎవరో ఆడమనిషి గేటు దాటుతుంటే "అదిగో, ఇంకో గొడుగు కేసు" అన్నాడు. గొడుగు మర్చిపోయిన మనిషి గురించి అంటున్నాడనుకుని నేను నవ్వాను కూడా. ఊరంతా ఒకే తాను గుడ్డ పంచాం. గౌను గుర్తు పడుతున్నారని గౌను మాన్పించి, అంతకంటే పెద్ద గుర్తు మా చేతులతోనే కుట్టి తొడిగి పంపాం. సిస్టరమ్మకి తట్టలేదు, అక్కకి తట్టలేదు, రోజంతా ఆ గుడ్డ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న నాకూ తట్టలేదు.

అక్క కత్తెర కింద పెట్టింది. "ఆస్పత్రికి మళ్ళీ వెళ్ళావా తల్లీ?"

"లేదండీ. చెడ్డ జబ్బులు అంటకుండా నెల రోజులు మాత్రలు వేసుకోవాలన్నారు. ముందు మూడు రోజులకి ఇచ్చారు. రేపటితో అయిపోతాయి. ఒక్క రోజు మానినా ప్రమాదమే అన్నారు." కవరు కొసలు మెలిపెడుతోంది. "ఇప్పుడు ఆ గేటు దగ్గర కనిపిస్తే చాలు, మా అక్కావాళ్ళింట్లో తెలిసిపోతుంది, నేనుండేది అక్కడే. మా బావ కారు ఈ రోడ్డు మీదే తిరుగుతూ ఉంటుంది. ఇంట్లో తెలియకూడదు ఆంటీ."

అక్క నా వైపు తిరిగి, "వెళ్ళి సిస్టరమ్మని పిలుచుకురా. కొత్త డ్రెస్సు కొలతలకి రమ్మన్నానని చెప్పు. గట్టిగానే చెప్పు, నలుగురికీ వినపడనీ," అంది.

సిస్టరమ్మ వచ్చింది. మా షాపులో ఒక మూల కొలతలు తీసుకోవడానికి తెర కట్టి ఉంటుంది. తెర వెనక ఒక స్టూలు, ఒక అద్దం. ఇద్దరూ అందులోకి వెళ్ళారు. 'ఇక్కడ మాట్లాడటం నీకు ఇష్టమేనా?' అని సిస్టరమ్మ అడగడం మాత్రం వినిపించింది. తర్వాత నేను కావాలనే మిషను తొక్కుతూ కూర్చున్నాను, మాటలు చెవిన పడకుండా. దారం కూడా ఎక్కించలేదు.

బయటికి వచ్చాక సిస్టరమ్మ ఆ గొడుగుల డ్రెస్సు చేతిలోకి తీసుకుని, బల్ల పక్కనున్న స్టూలు మీద అలాగే కూలబడింది. "మేమే ముద్ర వేసి పంపామా ఇంతమందిని?" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూడటం నాకదే మొదలు.

"ఏడుపు తర్వాత," అంది అక్క. "మాత్రల సంగతి చూడండి."

సిస్టరమ్మ ఆస్పత్రికి వెళ్ళి డాక్టరమ్మతో మాట్లాడి మాత్రలతో తిరిగి వచ్చింది. మందు ఏ గోడల మధ్య ఇచ్చామన్నది కాదు, పిల్ల వేసుకుందా లేదా అన్నదే ముఖ్యమని డాక్టరమ్మ అందట. ఇక నుంచి సిస్టరమ్మ వారం వారం మా తెర వెనకే చూసి, మాత్రలు ఇచ్చి, రక్తం తీయాల్సి వస్తే అక్కడే తీసుకుంటుంది. ఇంట్లో అడిగితే డ్రెస్సు కుట్టించుకుంటున్నానని చెప్పమంది అక్క.

"ఒక్క డ్రెస్సుకి నెల పడుతుందా ఆంటీ? నమ్ముతారా?" అంది స్టూడియో పిల్ల.

అక్కా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "అమ్మాయ్," అంది అక్క, "మేము టైలర్లం. ఇవాళ అన్నది రేపు, రేపు అన్నది వచ్చే వారం. అనుమానించిన వాళ్ళు ఈ భూమ్మీద ఇంతవరకూ లేరు."

ఆ పిల్ల నవ్వింది. వచ్చిన దగ్గర్నుంచి అదే మొదటి నవ్వు.

*

ఒక అబద్ధానికి నిజమైన డ్రెస్సు ఒకటి కావాలి. పసుపు రంగు గుడ్డ ఆ పిల్లే ఎంచుకుంది. మొదటి వారం కత్తిరించాం. రెండో వారం చేతులు బిగువు పెట్టి కుట్టి, బిగువైందని ఊడదీశాం. ఇన్నేళ్ళుగా మాటలు పడింది ఆలస్యానికే. ఇప్పుడు ఆ ఆలస్యాన్నే జాగ్రత్తగా కుట్టుకుంటూ వచ్చాం.

కానీ ఆ నెలంతా నేను ముళ్ళ మీదే ఉన్నాను. ఆ పిల్ల రావాల్సిన రోజు ఉదయం నుంచీ రోడ్డు వైపే చూసేదాన్ని. ఐదు నిమిషాలు ఆలస్యమైతే రాదేమో అనిపించేది, వస్తే ఎవరో చూశారేమో అనిపించేది. మాత్ర వేసుకుందో లేదో, వికారానికి కక్కేసుకుందో, ఇంట్లో ఎవరైనా డబ్బా చూశారో. సూది రెండుసార్లు వేల్లో దిగింది. అక్క గుడ్డ పేలిక చుట్టేది.

రెండో వారంలో వాళ్ళ బావ వచ్చాడు. ఆయన్ని ఎరగనివాళ్ళు మా ఊళ్ళో లేరు. డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు, మాస్టారు అంటారు. ముందూ వెనకా ఎర్రటి 'ఎల్' అక్షరం బోర్డున్న తెల్ల కారు ఆయనది. ఊళ్ళో కారు నడిపే ఆడవాళ్ళలో సగం మందికి ఆయనే నేర్పాడు. గొడుగు ముడిచి, కాళ్ళు పట్టా మీద తుడుచుకుని మరీ లోపలికి వచ్చాడు.

"మా మరదలు డ్రెస్సు ఇచ్చిందటండీ. ఎందాకా వచ్చింది?"

పసుపు డ్రెస్సు చూపించాను. చెయ్యి ఒకటి ఊడి ఉంది. దాన్ని వేళ్ళతో నెమ్మదిగా తడిమి చూశాడు. "బాగుంది. తొందరేం లేదు. ఆడపిల్ల ఒక్కతే ఇంత దూరం వస్తోందని మా ఆవిడ బెంగ. మన ఇంట్లో ఉన్నప్పుడు మన బాధ్యత కదండీ."

ఆయన వెళ్ళాక నాకు ప్రాణం లేచొచ్చింది. "ఎంత పద్ధతైన మనిషో చూడు. ఆ పిల్ల అనవసరంగా భయపడుతోంది. ఈయనకి చెబితే దగ్గరుండి ఆస్పత్రికి తీసుకెళ్ళేలా ఉన్నాడు," అన్నాను.

అక్క చెయ్యి ఆగింది. "నోరు మెదిపావో, చంపేస్తాను," అంది. నవ్వుతూ అనలేదు.

మూడో వారం ఆ పిల్ల తెర వెనక నిలబడి ఉంది. భుజాల మధ్య టేపు పెట్టి నేను నిజంగానే కొలత తీస్తున్నాను. బయట రోడ్డు మీద ఒక హారన్ మోగింది. రెండు పొట్టివి, ఒక పొడుగు. టేపు కింద ఆ పిల్ల భుజాలు ముడుచుకుపోయాయి. చూస్తుండగానే మనిషి చిన్నదైపోయింది. అద్దంలో మొహం చూశాను. తెర సందులోంచి రోడ్డు చూశాను. ఎర్ర అక్షరం బోర్డు.

టేపు తీసి మెడలో వేసుకున్నాను. ఇంట్లో తెలియకూడదంటే తిడతారని భయం కాబోలనుకున్నాను ఇన్నాళ్ళూ. తెలిస్తే ఆ ఇంట్లో ఎవరి చేతిలో ఏమవుతుందోనన్న భయమని అప్పుడు అర్థమైంది. ప్రతి సాయంత్రం ఆ పిల్ల తిరిగి వెళ్తున్నది ఆ ఇంటికే.

ఆ పిల్ల వెళ్ళాక అక్కతో చెప్పాను. "నీకెప్పుడు తెలుసు?" అన్నాను.

"గుడ్డ తడిమి చూశాడే, అప్పుడు," అంది అక్క. "సిస్టరమ్మతో కూడా అన్నాను. ఆ పిల్ల నోటితో తను చెప్పాలి, మనం తొందరపెట్టకూడదు, పెడితే ఇక్కడికి రావడం కూడా మానేస్తుందంది."

అప్పటి నుంచీ ఆ కారు రోజూ ఏదో ఒక వంకన మా షాపు ముందు ఆగేది. నేర్చుకునేవాళ్ళకి రివర్స్ నేర్పడానికి మా వీధే దొరికింది. ఇస్త్రీ బాబాయి దగ్గరుండి "ఇంకా రానీ, ఇంకా రానీ, ఆప్!" అని సాయం చేసేవాడు. అటూ ఇటూ అటూ ఇటూ తిరిగే ఆ కారుని చూస్తూ కుట్టిన కుట్లన్నీ వంకరపోయాయి.

*

చివరి వారం మాత్రలు ఇవ్వాల్సిన రోజు. మధ్యాహ్నం వాన దంచి కొడుతోంది. సిస్టరమ్మ, ఆ పిల్ల తెర వెనక ఉన్నారు. ఎప్పటికంటే ఎక్కువసేపు పట్టింది. లోపల్నుంచి సన్నగా ఏడుపు వినిపించి ఆగింది. తర్వాత ఆ పిల్ల గొంతు, ఆగి ఆగి ఏదో చెబుతోంది. సిస్టరమ్మ మాట్లాడటం లేదు, వింటోంది.

సరిగ్గా అప్పుడే కారు వచ్చి ఆగింది. డ్రైవరు సీట్లో ఎవరో లావుపాటి ఆవిడ స్టీరింగు పట్టుకుని బిగుసుకుని కూర్చుంది. పక్క సీట్లోంచి మాస్టారు దిగాడు. ఈసారి కాళ్ళు తుడుచుకోలేదు.

"మా మరదలు ఉందా?"

నా చూపు తెర కిందికి పోయింది. మా తెర నేలదాకా రాదు, జానెడు ఎత్తులో ఆగిపోతుంది. ఆ సందులో తెల్లటి నర్సు బూట్లు స్పష్టంగా కనబడుతున్నాయి. పక్కన ఆ పిల్ల చెప్పులు. ముక్కలు వేసే బుట్టని కాలితో తోసుకుంటూ తోసుకుంటూ తెర ముందుకి చేర్చాను.

అక్క నెమ్మదిగా ఎడమ చెవి ఆయన వైపు తిప్పింది. "ఏమిటండీ?"

"మా మరదలు!"

"చొక్కాలా? మగవాళ్ళవి కుట్టమండీ."

"నెల నుంచి ఒక్క డ్రెస్సు కుడుతున్నారు. ఏం నాటకాలాడుతున్నారు?" గొంతు పెరిగింది. "స్టూడియోలో అడిగితే ఇక్కడికే వచ్చిందన్నారు. లోపల ఎవరు?"

తెర వైపు అడుగు వేశాడు. అక్క బల్ల దాటి వచ్చి తెర ముందు నిలబడింది. చేతిలో కత్తెర ఉంది గానీ ఎత్తలేదు. బల్ల దగ్గర పనిచేస్తుంటే చేతిలో ఉండిపోయింది, అంతే.

"ఇది ఆడవాళ్ళు కొలతలిచ్చే చోటు."

"నా మరదలే కదండీ!"

"అందుకే," అంది అక్క.

అంతే అంది. ఆయన మొహంలో రంగు మారింది. ఇంతకాలం ఊరందరికీ చూపించిన ఆ మెత్తదనం ఎటుపోయిందో తెలియదు. చెయ్యి ఎత్తాడు, తెర కోసమో అక్క కోసమో. నేను ఎప్పుడు లేచానో నాకే తెలియదు, అక్క పక్కన నిలబడి ఉన్నాను. వణుకుతూనే నిలబడ్డాను.

తెర లోపల్నుంచి తెరుచుకుంది. ఆ పిల్ల పసుపు డ్రెస్సులో ఉంది. ఒక చేతికి ఇంకా గుండుసూదులే, మెడ దగ్గర సుద్ద గీతలు. ఆయన్ని చూడలేదు. అక్కని చూసి మాట్లాడింది.

"ఆంటీ, ఇవాళ నేను ఆ ఇంటికి వెళ్ళను."

"పైన గది ఉంది. మా చెల్లి గురక పెడుతుంది, సర్దుకోవాలి మరి," అంది అక్క.

వెనకాల సిస్టరమ్మ బయటికి వచ్చింది. తెల్ల యూనిఫాం, మెడలో ఆస్పత్రి కార్డు. ఆమె కూడా అరవలేదు. "మీరు బయటికి వెళ్ళండి. ఈ అమ్మాయి మా పేషెంటు," అంది. ఆయన ఆమెని చూశాడు, కార్డు చూశాడు. సిస్టరమ్మ ఎవరో, ఏ గది నర్సో ఈ వీధిలో తెలియంది ఎవరికి? బయట ఇస్త్రీ బాబాయి పెట్టె మీద చెయ్యి అలాగే ఉంచి నోరు తెరుచుకుని నిలబడ్డాడు, కింద ఎవరిదో చొక్కా మాడుతోంది.

కారులో ఆవిడకి కంగారు పుట్టి హారన్ నొక్కింది. "మాస్టారూ, బండి జారుతోందండీ! బ్రేకు ఏదండీ?"

ఆయన వెనక్కి తిరిగి వానలోకి పరిగెత్తాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ కారు వెళ్ళిపోయాక షట్టరు సగం దించి, ఆ పిల్లకి నీళ్ళు ఇచ్చాను. చివరి వారం మాత్రల్లో మొదటిది నా ఎదురుగానే వేసుకుంది.

*

కథ అక్కడితో అయిపోలేదు. అయిపోతే బాగుండును. ఆ పిల్ల కేసు పెట్టింది. మొదటి రోజు ఆస్పత్రి బీరువాలో సీలు వేసి దాచిన బట్టలు అప్పుడు పనికొచ్చాయి. మాస్టారిని పోలీసులు తీసుకెళ్ళారు, కొన్నాళ్ళకి బెయిలు మీద తిరిగి వచ్చాడు. తెల్ల కారు మా వీధిలోకి రావడం మానేసింది గానీ, హారన్ మోగితే ఇప్పటికీ ముగ్గురం ఒకేసారి తలెత్తుతాం.

వాళ్ళక్క వచ్చింది ఒకరోజు. మాస్టారి భార్య. గుమ్మంలో నిలబడి చెల్లెల్ని, మమ్మల్ని, ఆస్పత్రిని కలిపి తిట్టింది. "నా కాపురంలో నిప్పులు పోశారు! ఇది అబద్ధాలకోరు, దీన్ని నమ్మి నా మొగుణ్ణి బజారుకీడ్చారు. మీకు పుట్టగతులుండవు!" ఎండ లేకపోయినా నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంది. స్టూడియో పిల్ల మెట్ల మీద కూర్చుని అన్నీ వింది. ఆవిడ వెళ్ళాక ఒక్క మాటే అంది. "మా అక్క ఒక్కతే ఉందక్కడ."

ఆ రాత్రి అన్నం ఎవరికీ సయించలేదు.

రెండో రక్త పరీక్షకి ఆ పిల్ల ఆస్పత్రి గేటులోంచే వెళ్ళింది, పసుపు డ్రెస్సులో. నేను తోడు వెళ్ళాను. ఫలితం కోసం బెంచీ మీద కూర్చున్నప్పుడు నా చెయ్యి తను పట్టుకుంది, తన చెయ్యి నేను కాదు. అంత పిరికిదాన్ని. ఏ జబ్బూ లేదని డాక్టరమ్మ చెప్పింది, ఇంకోసారి మాత్రం చూడాలంది. బయటికి వచ్చి, పళ్ళ డాక్టరు బోర్డు కింద నిలబడి ఇద్దరం ఏడ్చాం. చూసినవాళ్ళు పన్ను పీకారనుకుని ఉంటారు.

గొడుగుల తానులు ఇంకా సగం మిగిలాయి. సిస్టరమ్మ గదికి ఇప్పుడు రకరకాల ముక్కలతో కుడుతున్నాం, ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఆ గుడ్డని ఏం చేయాలో ఆలోచన చెప్పింది స్టూడియో పిల్లే. "సంచులు కుట్టండి ఆంటీ. ఎవరి బట్టలు ఇచ్చినా ఆ సంచిలోనే పెట్టి ఇవ్వండి. టీచరమ్మకీ, బ్యాంకు మేడంకీ, అందరికీ." నెల తిరక్కుండా బజారంతా గొడుగులే. ఇస్త్రీ బాబాయి కూడా ఉల్లిపాయలు ఆ సంచిలోనే తెచ్చుకుంటున్నాడు. మిగిలిన పెద్ద ముక్కతో అక్క కొలతల మూలకి కొత్త తెర కుట్టింది, ఈసారి నేలదాకా.

ఆ తెర అంచు మడత కుడుతున్న రోజున, గుడ్డకి ఆ కొస తను పట్టుకుని ఈ కొస నేను పట్టుకుని ఉండగా అక్క అంది, "నా చెవి జ్వరంతో పోలేదే."

"ఊఁ," అన్నాను.

"అప్పట్లో సిస్టరమ్మ గదిలాంటిది ఎక్కడా లేదు."

గుడ్డ వదిలేసి వెళ్ళి అక్కని పట్టుకున్నాను. "కుట్టు వంకరపోతుంది, వదులు," అంది గానీ తను కూడా వదల్లేదు. మర్నాడు సిస్టరమ్మ అక్కని చెవి డాక్టరుకి చూపించింది. ఇప్పుడు చేసేదేమీ లేదన్నారు. 'పోనీలే, మంచి పనులకి వాడుకుంటున్నాగా' అంది అక్క.

వానలు వెనకబట్టిన రోజుల్లో, ఒక ఉదయం షట్టరు తీసేసరికి గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. అదే నల్ల కళ్ళద్దాలు. మాస్టారి భార్య. ఈసారి అరవడానికి రాలేదని నిలబడిన తీరులోనే తెలిసింది. ముందు రోడ్డు వైపు చూసింది, తర్వాత షాపులోకి చూసింది. తెర మీది గొడుగుల దగ్గర ఆవిడ చూపు ఆగిపోయింది.

పైన మెట్ల దగ్గర స్టూడియో పిల్ల అడుగుల చప్పుడు వినిపించి, సగంలో ఆగింది.

"కొలతలు ఇవ్వాలి," అంది ఆవిడ.

"గుడ్డ తెచ్చారా?" అన్నాను, అలవాటు కొద్దీ.

ఆవిడ ఖాళీ చేతులు రెండూ చూపించింది. ఒక చెయ్యి సరిగ్గా పైకి లేవలేదు.

"గుడ్డ లేదు," అంది.

నాకు గుండె దడ మొదలైంది. ఎప్పటిలాగే. అక్క వైపు చూడలేదు, ఏం చేయాలని అడగలేదు. స్టూలు తుడిచి ఆవిణ్ణి కూర్చోబెట్టి, తెర చివరిదాకా లాగాను. వాన తగ్గిపోయింది కాబట్టి, గొడుగు తీసుకోకుండానే సిస్టరమ్మ కోసం రోడ్డు దాటాను.